ఓడలో చీర కట్టు నేర్చుకున్న రాకుమారి

నేను పుట్టింది నిలోఫర్‌లో. మా సికింద్రాబాద్‌లో ఈ మాటంటే చాలు, ఇంకేం చెప్పక్కర్లేదు. అర్ధరాత్రి పసిపిల్లకి జ్వరం దిగకపోతే ఆటో ఎక్కి ‘నిలోఫర్’ అంటాం, వాడు మారుమాటడక్కుండా లకడీకాపూల్ దారి పడతాడు. ఇద్దరు పిల్లల తల్లినయ్యేదాకా అది ఓ మనిషి పేరని నాకు తట్టనే లేదు. మీతో చెప్పుకోడానికి సిగ్గేమిటి, ఏదో పేట పేరనుకున్నాను! ఫార్సీలో నిలోఫర్ అంటే కలువట. మన ‘నీలోత్పలం’ అన్న మాటే దేశాలు తిరిగి అలా మారిందని భాష తెలిసినవాళ్ళు చెబుతారు.

ఆ కలువ పుట్టింది 1916లో, ఇస్తాంబుల్‌లో. టర్కీ సుల్తానుల వంశం. ఊహ తెలియకముందే తండ్రి పోయాడు. మొదటి ప్రపంచయుద్ధంలో టర్కీ ఓడిపోయింది. ఆ తర్వాత వచ్చిన కొత్త ప్రభుత్వం 1924 మార్చిలో ఖలీఫా పదవినే రద్దుచేసి, రాజకుటుంబాన్నంతా దేశం దాటించేసింది. ఎనిమిదేళ్ళ నిలోఫర్ తల్లి చెయ్యి పట్టుకుని ఫ్రాన్స్‌లో సముద్రం ఒడ్డునున్న నీస్ నగరం చేరింది. చివరి ఖలీఫా అబ్దుల్ మెజీద్, ఆయన పదేళ్ళ కూతురు దుర్రుషెహవార్ కూడా చివరికి అక్కడికే వచ్చారు. ఖలీఫాగారు మంచి చిత్రకారుడే గానీ, బొమ్మలతో ఇల్లు గడుస్తుందా? నెలకి 300 పౌన్లు పంపి ఆదుకున్నది మన ఏడో నిజామే.

అప్పటి ఐరోపా ఎలా ఉండేదనుకున్నారు? యుద్ధంలో లక్షల మంది మగవాళ్ళు పోయారు. ఫ్యాక్టరీల్లో, ఆఫీసుల్లో ఆడవాళ్ళు పనికి దిగారు. నడుం బిగించే కార్సెట్లు మూలపడ్డాయి, గౌన్లు మోకాళ్ళదాకా వచ్చాయి, బారెడు జడలు మెడ దగ్గరికి తెగాయి. గ్రామఫోన్లో జాజ్ పాటలు, సాయంత్రమైతే డాన్సులు. ఆ గాలి మన కంటోన్మెంటు దాకా కూడా వచ్చింది. జేమ్స్ స్ట్రీట్‌లో, అంటే ఇప్పటి మహాత్మాగాంధీ రోడ్డులో, జుట్టు కత్తిరించుకున్న దొరసానుల్ని చూసి మా ముత్తమ్మమ్మ ‘అయ్యో, పాపం తిరుపతి వెళ్ళొచ్చారేమో’ అనుకుందట!

జుట్టు తెగినంత సులువుగా సంకెళ్ళు తెగలేదు లెండి. ఇంగ్లండులో మగవాళ్ళతో సమానంగా ఆడవాళ్ళకి ఓటు 1928లో వచ్చింది. ఫ్యాషన్లకి పుట్టిల్లనే ఫ్రాన్స్‌లో 1944 దాకా ఓటే లేదు. భర్త అడ్డుచెప్పినా ఉద్యోగం చేసుకునే హక్కు అక్కడి ఇల్లాలికి 1965లో గానీ దక్కలేదు. మన మద్రాసు రాజధానిలోనో, ఆస్తి ఉన్నవాళ్ళకే అనుకోండి, 1921లోనే ఆడవాళ్ళకి ఓటిచ్చారు. ఈ సంగతి చదివినప్పుడు రెండుసార్లు సరిచూసుకున్నాను.

అంత నాగరికమైన నీస్‌లోనే 1931 నవంబరు 12న ఇద్దరు పిల్లలకీ ఒకే రోజు పెళ్ళి చేశారు. నిజాం పెద్దకొడుకు ఆజంజాకి పదిహేడేళ్ళ దుర్రుషెహవార్, చిన్నకొడుకు మొఅజ్జంజాకి పదిహేనేళ్ళ నిలోఫర్. పదిహేనేళ్ళంటే మా అమ్మాయి తరగతి పిల్ల. డిసెంబరులో వెనిస్ రేవులో ‘పిల్స్నా’ అనే ఓడ ఎక్కారు. రౌండ్ టేబుల్ సమావేశం నుంచి తిరిగొస్తున్న గాంధీగారు కూడా అదే ఓడలో వచ్చారు. ఆ ప్రయాణంలోనే పెళ్ళికూతుళ్ళకి చీర కట్టడం, నిజాం దర్బారు మర్యాదలు నేర్పారట.

ఇది చెబితే మా అమ్మమ్మ, ‘ఊగే ఓడలో కుచ్చిళ్ళెలా నిలిచాయే?’ అంది. ఆవిడకి ఎనభై ఏడేళ్ళు. ఇప్పటికీ పిన్ను లేకుండా కడుతుంది.

హైదరాబాద్ వచ్చాక ఆ ఇద్దరూ పరదా వెనక కూర్చోలేదు. సభలకీ విందులకీ ముఖం కప్పుకోకుండా వెళ్ళారు. జరీ పనితో మెరిసే నిలోఫర్ చీరల గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. దుర్రుషెహవార్ ఉన్న బెల్లావిస్టా భవనంలో 1956 నుంచి అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ నడుస్తోంది. పురానీహవేలీలో ఆవిడ పేరున పిల్లల ఆసుపత్రి ఉంది. ఆవిడకి ఇద్దరు కొడుకులు. నిలోఫర్‌కి పిల్లలు కలగలేదు. అంత పెద్ద ఇంట్లో, రాజ్యానికి వారసులు కావాలనే చోట, అదెంత బరువో ఆడవాళ్ళం మనకి వేరే చెప్పాలా? రెండో ప్రపంచయుద్ధ కాలంలో ఆవిడ నర్సు శిక్షణ తీసుకుంది.

1949లో ఆవిడ దగ్గర పనిచేసే రఫత్ అనే అమ్మాయి కాన్పులో చనిపోయింది. సొంత మనిషిలా చూసుకున్న పిల్ల. సరైన వైద్యం అందక ఇంకో తల్లి ఇలా పోకూడదని నిలోఫర్ పట్టుబట్టింది. తల్లీపిల్లలకోసం ఆసుపత్రి పని మొదలైంది. 1952లో ఆవిడకి విడాకులయ్యాయి. 1953లో వంద పడకలతో ఆసుపత్రి తెరిచేనాటికి, ఏ ఇంటి కోడలిగా ఈ ఊరొచ్చిందో ఆ ఇంటితో ఆవిడకి బంధమే లేదు. పేరు మాత్రం గోడమీద నిలిచింది. 1963లో మళ్ళీ పెళ్ళి చేసుకుంది. 1989లో పారిస్‌లో కన్నుమూసింది.

మొన్న ఆదివారం ఈ కథంతా అమ్మమ్మకి చెప్పాను. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ వింది. వాళ్ళక్క చిలకలగూడలో ఇంట్లోనే, మంత్రసాని చేతుల్లో, తొలికాన్పుకి పోయింది. అందుకే మా అమ్మని పురిటికి పుట్టింట్లో ఉంచుకోకుండా, నొప్పులు రాకముందే నిలోఫర్‌లో చేర్పించిందావిడ.

‘ఆ ఆసుపత్రి ఏ సంవత్సరంలో తెరిచారన్నావూ?’

‘1953లో అమ్మమ్మా.’

వేళ్ళమీద లెక్కపెట్టుకుంది. ‘మా అక్క పోయింది యాభైలోనే’ అని, చిక్కుళ్ళ గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.