ఒంగోలు మంద, ఆఫ్రికా పచ్చిక

బ్రెజిల్ దేశ మధ్యభాగమున, సెర్రాడో యను ఎఱ్ఱనేలల పీఠభూమిపై, పిక్కలెత్తు పచ్చికలో మూపురము లూపుచు మేయుచున్న తెల్లని మందను చిత్రములోనైన చూచిన తెలుగువాడు, ఇది మన ఒంగోలు పశువే కదా యని ఒక్క క్షణము నిలిచిపోవును. అచటివారు దానిని నెలోరే యందురు. మన నెల్లూరే పోర్చుగీసు నోట అట్లు పలికినది. 1868లో ఒక జంట సాల్వడార్ రేవున దిగినది మొదలు, 1960 దశకపు తొలి యేండ్ల వఱకు కొద్దికొద్దిగా చేరిన పశువులనుండి అచట కోట్లకొలది సంతతి విస్తరించినది. కడపట చేరిన వానిలో మిక్కిలి ప్రసిద్ధికెక్కిన ఆంబోతు పేరు కర్వాది. ఒంగోలు చెంతనున్న కరవది గ్రామమే ఆ పేరునకు మూలము.

పశువు మనది, నేల వారిది. నడుమనున్న గడ్డి మాత్రము ఆఫ్రికాది. బ్రకియారియా యను ఈ తృణజాతి వేడిమికి వాన తోడైనపుడు విజృంభించు ఉష్ణమండలపు మొక్క. ఆమ్లగుణము హెచ్చై, అల్యూమినియము విషమై, భాస్వరము కొఱవడిన సెర్రాడో నేలలో కూడ వేళ్ళు దింపగలదు. మొదట విరివిగా నాటిన రకమును, నురుగు గూటిలో దాగి రసము పీల్చు పురుగొకటి మాడ్చివేయగా, ఆ పురుగునకు లొంగని మఱొక రకమును ఎంబ్రాపా యను ప్రభుత్వ పరిశోధనసంస్థ 1984లో విడుదల చేసి, మరండూ అని పేరు పెట్టినది. గ్వారనీ భాషలో ఆ మాటకు క్రొత్తకబురు అని యర్థము. గడ్డికి ఇంత చక్కని నామకరణము మఱెక్కడను నేను వినలేదు.

దానిని నాటుట కష్టము కాదు. నేలకు సున్నమును భాస్వరమును అందించి, వానలు నిలకడపడిన పిదప, మెత్తగా దున్నిన మట్టిలో అంగుళము లోతున విత్తి, పైన అదిమిన చాలును. మెలకువ విత్తనము కొనుటలో కావలయును. గింజలు నేలరాలిన పిదప ఊడ్చి పోగుచేయుట అచటి వాడుక గనుక, సంచిలో మట్టియు పొల్లును కూడ తూగును. అందుచే తెలిసిన రైతు బరువు చూడక, మొలకెత్తు గింజ యెంతయని అడిగి బేరమాడును.

అసలు విద్య మేపుటలో నున్నది. విత్తిన రెండు మూడు నెలలకు పచ్చిక నేలను కప్పగనే, బరువు తక్కువ పశువులను కొద్దిదినములు వదలి కొసలు కొఱికింతురు. మొదళ్ళకు వెలుతురు సోకి పిలకలు పుట్టుటకై ఇది. ఆపై బీడును కంచెలతో ఖండములుగా విభజించి, మందను ఒకదానినుండి యొకదానికి త్రిప్పుదురు. గడ్డి సుమారు అడుగెత్తు పెరిగినపుడు ప్రవేశము, అరడుగు మిగిలినపుడు నిష్క్రమణము. అడుగు దాటనిచ్చిన, పై ఆకులు క్రింది ఆకులకు ఎండ దక్కనీయవు. అవి ఎండును, కాడ ముదురును, పశువు దానిని త్రొక్కునే కాని తినదు. అరడుగుకంటె దిగనిచ్చిన, ఎండను ఆహారముగ మార్చు ఆకే కొఱవడి, మొక్క మొదలులోను వేళ్ళలోను దాచిన నిలువను ఖర్చుచేసి చిగురించును; అట్లు పలుమాఱులు జరిగిన, అప్పులపై నడచు సంసారమువలె చిక్కిపోగా, ఖాళీలలో కలుపు తలయెత్తును. బ్రెజిల్ లో కోట్లకొలది ఎకరాల బీళ్ళు క్షీణించుటకు, ఎరువు చాలమితో పాటు ఈ అతిమేతయు కారణము.

మే నుండి సెప్టెంబరు వఱకు అచట వానలు లేవు గనుక, అవి వెనుకపట్టకముందే కొన్ని ఖండములు మూసి, నిలుచున్న గడ్డినే ఎండుమేతగా దాచుకొందురు. నీరు నిలుచు పల్లములలో మాత్రము మరండూను విత్తరాదు. అచట అది చచ్చును.

ఇంత శాస్త్రమునకు రైతు చేతి పనిముట్టు ఒక కొలబద్ద. ఎంబ్రాపావారు సిద్ధపఱచిన ఆ బద్దపై, ఒక్కొక్క గడ్డిరకమునకు మంద ప్రవేశించు ఎత్తున ఒక గీతయు, వెడలు ఎత్తున మఱొక గీతయు గుర్తించి యున్నవి.