ఘంటసాల.. గాయకుడి పేరా? ఊరి పేరా? ఆ ఇంటిపేరు వెనుక 1,800 ఏళ్ల చరిత్ర!

ఘంటసాల.. ఈ నాలుగక్షరాలు వినగానే తెలుగువాళ్లకు ఓ గొంతు గుర్తొస్తుంది. కానీ అది ఆయన పేరు కాదు, ఇంటిపేరు. అసలు పేరు వెంకటేశ్వరరావు. మరి ఆ ఇంటిపేరు ఎక్కడ్నుంచి వచ్చింది? కృష్ణా జిల్లాలో చల్లపల్లి దగ్గర ఉన్న ఓ ఊరి పేరే అది.

ఊరు వదిలితేనే ఇంటిపేరు

తెలుగు ఇంటిపేర్లలో చాలావాటికి మూలం ఊళ్లే. ఒక కుటుంబం సొంతూరు వదిలి ఇంకోచోట స్థిరపడితే, అక్కడివాళ్లు 'ఫలానా ఊరి వాళ్లు' అని పిలిచేవారు. తరాలు గడిచాక అదే ఇంటిపేరుగా నిలిచిపోయేది. సొంతూళ్లో ఉన్నంతకాలం అలా పిలవాల్సిన పనే ఉండదు కదా! గాయకుడు ఘంటసాల పుట్టింది కూడా ఆ ఊళ్లో కాదు. 1922 డిసెంబర్ 4న, గుడివాడ దగ్గర చౌటపల్లిలో.

గంటల శాల కాదా?

పేరు వింటే 'గంటలున్న శాల' అనిపిస్తుంది. కానీ పాత రూపంలో గంటా లేదు, శాలా లేదు. 3వ శతాబ్దం నాటి నాగార్జునకొండ ప్రాకృత శాసనంలో ఈ ఊరు 'కంటకసేల'. అక్కడి మహాచైత్యం తూర్పు ద్వారం దగ్గర బోధిసిరి అనే ఉపాసిక రాతి మండపం కట్టించినట్టు అందులో ఉంది. అంతకు ముందే, 2వ శతాబ్దంలో గ్రీకు భూగోళవేత్త టాలెమీ 'కంటకోస్సిల' అనే వర్తక కేంద్రాన్ని ప్రస్తావించాడు. అది ఈ ఊరేనని చరిత్రకారులు చెబుతారు.

ప్రాకృతంలో 'సేల' అంటే కొండ. సంస్కృతంలో శైలం. నాటి ఆంధ్ర బౌద్ధ శాఖలైన పూర్వశైలీయులు, అపరశైలీయుల పేర్లలోనూ ఇదే మాట ఉంది. 19వ శతాబ్దం చివర్లో అలెగ్జాండర్ రే ఇక్కడ తవ్వకాలు జరిపి, ఇక్కడి స్తూపం వివరాలను ప్రచురించారు.

ఒక్క అక్షరంలో ఏం మిగులుతుంది?

ఇప్పుడు చాలాచోట్ల ఇంటిపేరు ఒక్క ఇంగ్లిష్ అక్షరానికి కుదించుకుపోయింది. 'జి. వెంకటేశ్వరరావు' అంటే ఆ 'జి' గుంటూరు కావచ్చు, గుడివాడ కావచ్చు. కంటకసేల మాత్రం కనిపించదు. విజయవాడలో ఆయన పేరిట ఉన్న ప్రభుత్వ సంగీత కళాశాలను మాత్రం జనం 'ఘంటసాల కళాశాల' అనే అంటారు. అక్కడ వినిపించేది మనిషి పేరు కాదు, ఊరి పేరే!

మరి మీ ఇంటిపేరులో ఏ ఊరుంది? ఇంట్లో పెద్దవాళ్లను ఓసారి అడిగి చూడండి.