పెన్షన్ పుచ్చుకున్న పడవ

— ఫైనలియర్ బి.ఎస్సి. విద్యార్థి

ఉద్యోగం చేసిన మనిషి ఒకనాటికి రిటైరవుతాడు. అరక దున్నిన ఎద్దు గూడా ఒకనాటికి కాడి దించుకుంటుంది. తుఫానులో సముద్రం మీదికి పోయి, మునిగిపోతున్నవాళ్ళ ప్రాణాలు నిలబెట్టి తెచ్చే పడవకి గూడా అలాంటి రోజొకటి వస్తుంది. ఆ తర్వాత దాని గతేమిటి? బ్రిటన్‌లో కొందరు అలాంటి పడవని కొనుక్కుని, లోపల మంచాలూ వంటపొయ్యీ అమర్చి, అందులోనే కాపురముంటూ నదులూ సముద్రతీరాలూ తిరుగుతున్నారు. వినడానికి ముచ్చటగానే వుంది. కాని ఈ మార్పులో బోలెడంత ఫిజిక్సూ, కొంచెం కెమిస్ట్రీ, ఒక ధర్మసందేహమూ ఇమిడి వున్నాయి. వాటిని సోదర విద్యార్థుల ముందుంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఎవరివీ పడవలు?

1824 మార్చి 4వ తేదీన లండనులో, సర్ విలియం హిల్లరీ అనే ఆయన పట్టుదల మీద ఒక సంస్థ పుట్టింది. ఓడ పగిలినప్పుడు ప్రాణాలు కాపాడడమే దాని పని. 1854 నుంచి దాని పేరు రాయల్ నేషనల్ లైఫ్‌బోట్ ఇన్‌స్టిట్యూషన్. బ్రిటన్, ఐర్లండ్ తీరాల పొడుగునా దాని స్టేషన్లున్నాయి. వింతేమిటంటే ఇది ప్రభుత్వశాఖ కాదు. ముఖ్యంగా జనం ఇచ్చే చందాలతో, చనిపోయేవాళ్ళు వీలునామాలో రాసే సొమ్ముతో నడుస్తుంది. పడవ ఎక్కేవాళ్ళలో చాలామంది జీతం లేని వాలంటీర్లు. బెస్తవాళ్ళు, దుకాణదారులు, పంతుళ్ళు వుంటారు. పిలుపు వస్తే చేతిలో పని అక్కడే వదిలి పరుగెత్తుతారు. క్రోమర్ అనే ఊళ్ళో పీతలు పట్టుకుని బతికిన హెన్రీ బ్లాగ్ అనే ఆయన 53 ఏళ్ళు ఈ సేవ చేశాడు. ఆయన కాలంలో ఆ పడవలు 873 మందిని ఒడ్డుకి చేర్చాయి. సంస్థ ఇచ్చే బంగారు పతకం ఆయనకి మూడుసార్లు వచ్చింది.

అలాంటి పడవ సుమారు పాతికేళ్ళు పనిచేశాక దాని స్థానంలో కొత్తది వస్తుంది. పాతవాటిలో కొన్ని ఇతర దేశాల రక్షణసంస్థలకి వెళ్ళాయి. ‘అరున్’ తరగతి పడవలు అలా ఐస్‌లాండుకీ చైనాకీ చేరాయి. కొన్ని మ్యూజియాలకి పోయాయి. మిగిలినవి మామూలు మనుషుల చేతికి వచ్చాయి.

ఇది కొత్త పిచ్చి కాదు

పాత లైఫ్‌బోటుని ఇల్లు చేసుకునే ఆలోచన నిన్న మొన్నటిది కాదు. 1880లలోనే ఇ. ఎఫ్. నైట్ అనే ఆంగ్లేయుడు, పి. అండ్ ఓ. కంపెనీ ఓడ మీద వుండిన పాత లైఫ్‌బోటుని కొని, తెరచాప పడవగా మార్చుకుని, లండను నుంచి కోపెన్‌హేగెన్ దాకా వెళ్ళి ఆ యాత్ర గురించి పుస్తకం రాశాడు. 1897లో ఎర్‌స్కిన్ చైల్డర్స్ కొన్న ‘విక్సెన్’ గూడా ఒకప్పటి లైఫ్‌బోటే. ఆ పడవలో తిరిగిన అనుభవమే 1903లో ఆయన రాసిన ‘ది రిడిల్ ఆఫ్ ది సాండ్స్’ నవలకి ఆధారం. మన దేశంలో కేరళ కాయల్లో బియ్యం మోసిన కెట్టువళ్ళాలు కాపురపు పడవలుగా మారడం మనకి తెలిసిందే. పని మానిన పడవ ఇల్లుగా మారడం లోకంలో వున్న ఆచారమే.

ఖాళీయే దాని ప్రాణం

అయితే బియ్యప్పడవకీ లైఫ్‌బోటుకీ ఒక పెద్ద తేడా వుంది. బియ్యప్పడవ కడుపులో చోటు సరుకు కోసం. సరుకు దించితే మనుషులు చేరవచ్చు. లైఫ్‌బోటు కడుపులో చోటు దేనికీ కాదు. అది ఖాళీగా వుండడం కోసమే వుంది!

పాత చెక్క లైఫ్‌బోట్ల నిర్మాణం చూడండి. పలుచని మహాగని పలకల్ని ఏటవాలుగా ఒక వరస వేసి, దాని మీద పూత పట్టించిన నూలుగుడ్డ పరిచి, ఆ పైన ఎదురు ఏటవాలుగా రెండో వరస వేసి, వేలకొద్దీ రాగిమేకులతో బిగించేవారు. లోపలి భాగాన్ని నీరు చొరని గదులుగా విడదీసి, మిగిలిన సందుల్లో వందలకొద్దీ గాలిపెట్టెలు కూరేవారు. ప్రతి పెట్టె దాని సందుకి సరిపడేట్టు విడిగా కోసి చేసిందే. పడవకి చిల్లు పడి నీళ్ళు వచ్చినా, పెట్టెలున్నచోట నీళ్ళు చేరలేవు గనక పడవ మునగదు.

ఇప్పుడు అందులో కాపురం పెట్టాలనుకునే పెద్దమనిషి మొట్టమొదట చేసే పనేమిటి? పెట్టెలు పీకి బయట పారేయడం. మనిషి పడుకునే చోటు రెండు మీటర్ల పొడవు, 70 సెంటీమీటర్ల వెడల్పు, అంతే ఎత్తు అనుకుందాం. అంటే సుమారు ఒక ఘనమీటరు. ఒక ఘనమీటరు సముద్రపు నీరు 1025 కిలోలు తూగుతుంది. ఆర్కిమిడిస్ సూత్రం ప్రకారం ఆ చోటున్న గాలిపెట్టె, పడవ నీటితో నిండిన సమయంలో, టన్ను బరువుని పైకి పట్టుకుంటుంది. అంచేత నాలుగు పడకలు వేశామంటే నాలుగు టన్నుల ఆసరా వదులుకున్నామన్నమాట. పడక మెత్తగానే వుంటుంది, దాని ధర మాత్రం ఇది.

గడ్డిబండి సూత్రం

మా వైపు వరిగడ్డి బండి కట్టేటప్పుడు పెద్దవాళ్ళు ఎత్తు చూసి ‘ఇక చాలు’ అంటారు. బరువు ఎక్కువై కాదు, ఎత్తు ఎక్కువై. బండి తిరగబడేది బరువు వల్ల కంటే ఆ బరువు ఎక్కడ వుందన్నదాని వల్ల. పడవ విషయమూ అంతే.

పడవ బరువంతా గరిమనాభి దగ్గర కిందికి లాగుతుంది. నీటి ఉత్ప్లవనం, మునిగిన భాగపు నడిమి నుంచి పైకి నెడుతుంది. పడవ పక్కకి ఒరిగితే మునిగిన భాగం ఆకారం మారి, ఉత్ప్లవన కేంద్రం ఒరిగిన వైపుకి జరుగుతుంది. ఈ రెండు బలాలూ కలిసి బలయుగ్మమై పడవని మళ్ళీ నిలబెడతాయి. ఒరిగినప్పుడు ఉత్ప్లవన బలరేఖ పడవ మధ్యరేఖని ఖండించే బిందువుని మెటాసెంటర్ అంటారు. అది గరిమనాభికి పైన వున్నంతసేపూ భయం లేదు. కిందికి వస్తే ఆ బలయుగ్మమే పడవని పడదోస్తుంది.

లెక్క కోసం 20 టన్నుల పడవ, దాని మెటాసెంటర్ ఎత్తు 60 సెంటీమీటర్లు అనుకుందాం. గరిమనాభికి 2.1 మీటర్ల పైన ఒక టన్ను బరువుతో కొత్త గది కట్టారు. గరిమనాభి 2.1 ÷ 21, అంటే 10 సెంటీమీటర్లు పైకి లేస్తుంది. పాత ఇంజన్లు తీసి తేలికవి పెట్టి, గరిమనాభికి ఒక మీటరు కింద వున్న టన్ను బరువు తగ్గించారు. ఇంకో 5 సెంటీమీటర్లు లేస్తుంది. రెండూ కలిసి 60లో 15 పోయింది. పడవని నిలబెట్టే గుణంలో పావువంతు, ఎవరికీ కనిపించకుండా, హరించుకుపోయింది. రేవులో నిలబడ్డ పడవకి ఏ తేడా తెలియదు. పెద్ద అల పక్కనుంచి కొట్టిన రోజున తెలుస్తుంది.

తలకిందులైనా తిరిగి లేవడం లైఫ్‌బోటుకి వుండవలసిన మరో గుణం. పడదోసినా లేచి కూర్చునే తంజావూరు బొమ్మలాగా అన్నమాట. 1958లో వచ్చిన ‘ఓక్లీ’ తరగతి పడవల్లో దీనికొక ఉపాయం చేశారు. అడుగున సుమారు ఒకటిన్నర టన్నుల నీరు వుంటుంది. పడవ బోర్లాపడితే ఆ నీరు ఒక పక్క తొట్టిలోకి జారి, ఆ బరువుతో పడవని తిప్పేస్తుంది. తర్వాతి పడవల్లో నీరు చొరకుండా మూసివేసిన పైగదే ఆ పని చేస్తుంది. బోర్లాపడినప్పుడు ఆ గదిలోని గాలి కింద నిలవలేదు, బరువైన ఇంజన్లు పైన నిలవలేవు.

అయితే పేరుపడ్డ ‘వాట్సన్’ తరగతి పాత పడవలకి మొదట్లో ఈ గుణం లేదు. దాని ఫలితం ఘోరంగా వచ్చింది. 1969 మార్చి 17న లాంగ్‌హోప్ పడవ తిరగబడి అందులోని ఎనిమిది మందీ పోయారు. 1970 జనవరి 21న ఫ్రేజర్‌బర్గ్ పడవ తిరగబడి ఆరుగురిలో అయిదుగురు పోయారు. ఆ తర్వాత, పాత పడవల వెనక కప్పు మీద, బోర్లాపడగానే ఉబ్బే గాలిసంచులు అమర్చారు. కొనేవాడు ఈ చరిత్ర తెలుసుకోవాలి. ‘లైఫ్‌బోటు గదా, మునగదులే’ అనే ధీమా అన్ని పడవలకీ వర్తించదు. వర్తించే పడవకి గూడా, పైగది గోడ కోసి పెద్ద కిటికీ పెడితే, ఆ కిటికీ పగిలిన క్షణం నుంచి వర్తించదు.

సంతలో ఎద్దుని చూసినట్టు

సంతలో ఎద్దుని కొనేవాడు రంగు చూడడు. పళ్ళు చూస్తాడు, గిట్టలు చూస్తాడు, నాలుగడుగులు నడిపించి చూస్తాడు. పడవనీ అలాగే, నీటిలోంచి పైకి తీయించి, తెలిసిన సర్వేయరు చేత చూపించాలి.

చెక్క పడవకి ఉప్పునీటి కంటే వాననీరు పెద్ద శత్రువు. ఉప్పులో చెక్కని తినే బూజు బాగా పెరగదు. పైకప్పు సందుల్లోంచి కారిన మంచినీరు రెండు వరసల పలకల మధ్య నిలిచిందంటే లోలోపల పుచ్చు పట్టిస్తుంది. లోపలి పలక మార్చాలంటే పైవాటిని విప్పాలి. ఒక పలక మరమ్మత్తు పది పలకల పని అవుతుంది.

ఇనుప పడవకి జబ్బు వేరు. ఉక్కు, కంచు, ఉప్పునీరు, ఈ మూడూ కలిస్తే మన లేబొరేటరీలో చేసే విద్యుద్ఘటమే. ప్రొపెల్లరు కంచుది, పడవ ఉక్కుది. ఉక్కు కరిగిపోతుంది. అందుకని పడవ అడుగున జింకు దిమ్మలు బిగిస్తారు. ఉక్కు కంటే ముందు జింకు కరిగి దాన్ని కాపాడుతుంది. దిమ్మలు ఎప్పుడు మార్చారో అడగాలి. రేకు మందం ఎంత మిగిలిందో అతిధ్వని తరంగాలతో కొలిపించాలి.

ఇంజన్ల సంగతి. పాత చెక్క పడవలు సుమారు 9 నాట్లు, అంటే గంటకి 16, 17 కిలోమీటర్లు పోతాయి. అరున్ పడవ సుమారు 18 నాట్లు పోతుంది. ప్రాణం కోసం పరుగెత్తేటప్పుడు డీజిలు లెక్క చూడరు. సొంత డబ్బుతో పోసేవాడు చూడక తప్పదు. నీటిమట్టం దగ్గర 36 అడుగుల పొడవున్న మామూలు పడవకి సహజవేగం, వర్గమూలం 6ని 1.34తో హెచ్చిస్తే, సుమారు 8 నాట్లు. ఆ లోపల నడిపేటప్పుడు కావలసిన శక్తి ఇంచుమించు వేగం ఘనంతో పెరుగుతుంది. వేగం సగానికి దించితే ఎనిమిదో వంతు శక్తి చాలు. నిదానమే ప్రధానం అన్న మాట డీజిలుకి గూడా వర్తిస్తుంది.

వీటికి తోడు రేవు అద్దె, బీమా, ఏటేటా రంగు, ఇవన్నీ ఆగని ఖర్చులు. పడవని చవగ్గా కొని వీటి దగ్గర వెనకాడడం, ఏనుగునిచ్చి అంకుశం దగ్గర పేచీ పెట్టినట్టే.

లోపల కాపురం

లైఫ్‌బోటులో మనుషులు గంటలపాటు కూర్చుంటారు, నెలల తరబడి పడుకోరు. అంచేత అది ఇల్లు కావాలంటే మరికొన్ని జాగ్రత్తలున్నాయి. వంటగ్యాసులో వుండే ప్రొపేను గాలి కంటే ఒకటిన్నర రెట్లు, బ్యూటేను రెండు రెట్లు బరువు. ఇంట్లో లీకైతే గుమ్మంలోంచి పోతుంది. పడవకి గుమ్మం పైన వుంది, కింద గిన్నె వుంది. గ్యాసు ఆ గిన్నెలో చేరి ఒక నిప్పురవ్వ కోసం కాచుకుని వుంటుంది. అందుకని సిలిండరుని బయటికి కారే రంధ్రం వున్న వేరే అరలో, పైన పెట్టాలి. నీరు చొరకుండా మూసిన గదిలోకి గాలి గూడా చొరదు. పొయ్యి సరిగా మండకపోతే కార్బన్ మోనాక్సైడు వాసన లేకుండా ప్రాణం తీస్తుంది. దానికి అలారం తప్పనిసరి. ఇక మనిషి ఊపిరిలో వుండే తేమ చల్లని గోడల మీద నీరై కారి, పరుపులు నానబెడుతుంది. గోడలకి లోపల అట్టలు వేయక తప్పదు. వేస్తే, వాటి వెనక పుచ్చు కనపడదు!

ధర్మసందేహం

‘ఇంత చరిత్ర వున్న పడవని కోసి, వంటిల్లు చేయడం న్యాయమా?’ అని కొందరడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. లాంగ్‌హోప్ పడవ నేడు స్కాట్లండులో అర్వైన్ ఊరి మ్యూజియంలో వుంది. క్రోమర్‌లో హెన్రీ బ్లాగ్ నడిపిన పడవ ఆయన పేరిటి మ్యూజియంలోనే వుంది. వుండవలసిందే. కాని అన్ని పడవలకీ మ్యూజియంలో చోటు లేదు. ఒడ్డున వదిలేసిన చెక్క పడవ ఎండకి బీటలు వారి, వానకి పుచ్చి, కొన్నేళ్ళలో కట్టెల మోపవుతుంది. కాడి దించిన ఎద్దుని కట్టేసి మేపితే కాళ్ళు పడిపోతాయని మా నాన్నగారంటారు. దానికి తగిన తేలిక పని దానికుండాలట. పడవకీ అదే మంచిది. మనిషి వుంటే కారిన చోటు కనిపెడతాడు, జింకు మారుస్తాడు, రంగు వేస్తాడు.

కాని ఒక గీత దాటకూడదు. పెట్టెలు తీసిన మేరకి మరో రూపంలో ఆసరా కల్పించాలి. పైన కట్టిన ప్రతి కిలోకీ లెక్క వేయించాలి. నీరు చొరని గోడలకి కంతలు పెట్టకూడదు. ఇదంతా కొన్నవాడి ప్రాణం కోసమే అనుకుంటే పొరపాటు. లెక్క చూడకుండా మార్చిన పాత లైఫ్‌బోటు ఒక గాలివాన రాత్రి తిరగబడితే, దానికోసం బయల్దేరేది కొత్త లైఫ్‌బోటు. అందులో ఎక్కేది భోజనం ముందునుంచి లేచి వచ్చిన ఒక బెస్తవాడు, ఒక పంతులు, ఒక దుకాణదారు. పాతికేళ్ళు ఇతరుల్ని కాపాడిన పడవ చివరికి ఇతరుల ప్రాణాల మీదికి తేకూడదు. దాన్ని కొనేవాడు ముందుగా ఒప్పుకోవలసిన షరతు ఇదొక్కటే.