కోత మిషనులో హెచ్.ఎస్.టి. ఆయిలు మార్చుట

ఏలూరు, తాడేపల్లిగూడెం పరిసరములలోను, కొల్లేటి అంచు గ్రామములలోను వరికోత ఇప్పుడు చాలవరకు మిషనుల మీదనే జరుగుచున్నది. నేల ఆరని పల్లపు చేలలో టైర్ల మిషను దిగబడును గనుక రైతులు చైను మిషనునే పిలుచుచున్నారు. ఈ చైను మిషనులలో చాలవాటికి ముందుకు, వెనుకకు నడచుటకు హైడ్రోస్టాటిక్ ట్రాన్స్‌మిషన్ అను ఏర్పాటుండును. మెకానిక్కులు దీనిని క్లుప్తముగా హెచ్.ఎస్.టి. అందురు. కూర్చొని నడుపు నాటు యంత్రములలో కొన్నింటికిని ఇదే కలదు. ఇంజను ఆయిలు విషయమున ఎంతో శ్రద్ధ చూపు యజమానులు సైతము ఈ ఆయిలు సంగతి మరచుచున్నారు. మిషను మీ సొంతమైనను, నలుగురు కలిసి కొన్నదైనను ఈ పని మీరు తెలిసికొనదగినది.

నేను పైరుల సాగు బోధించువాడను. ఇనుప సామాను గురించి వ్రాయుట కొందరికి వింతగా తోచవచ్చును. కాని మిషను ఆగిన నష్టము చివరకు పైరుకే తగులును. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల వద్ద తీరము దాటినప్పుడు డెల్టాలో కోతకు వచ్చిన సార్వా వరి ఎంతో పడిపోయి నీట నానినది. తుపాను హెచ్చరిక వచ్చిన ఆ రెండు మూడు దినములలో ఊరిలోని ప్రతి మిషను రాత్రింబవళ్లు తిరుగవలసియుండును. పడి నానిన పైరులో గింజ కంకిమీదనే మొలకెత్తును. తేమ 17 శాతము మించిన ధాన్యమునకు కొనుగోలు కేంద్రములో చిక్కు తప్పదు. అట్టి సమయమున హెచ్.ఎస్.టి. చెడిన మిషను చేను నడుమ నిలిచిపోయినచో దానిని ఊరిలో బాగుచేయుట సాధ్యము కాదు. ఊడదీసి పట్నము తీసికొనిపోవలసినదే.

ఈ ఆయిలునకు ఇంత ప్రాముఖ్యమేల? గేర్ల బండిలో ఇంజను బలము పళ్లచక్రముల ద్వారా పోవును. అక్కడ ఆయిలు పళ్లు ఒరసి అరగకుండ కాపాడును, అంతే. హెచ్.ఎస్.టి.లో అట్లు కాదు. ఇంజను ఒక పంపును త్రిప్పును. పంపులోని చిన్న పిస్టనులు ఆయిలును మిక్కిలి ఒత్తిడితో ఒక మోటారునకు పంపును. ఆ ఆయిలే మోటారును త్రిప్పగా, మోటారు గేరుపెట్టె ద్వారా చైన్లను కదల్చును. పంపులో వాలుపలక ఒకటి కలదు. మీరు లీవరు త్రోసినపుడు ఆ పలక వాలును. వాలు పెరిగినకొలది పారు ఆయిలు హెచ్చి వేగము పెరుగును. పలక వాలు లేక నిలిచిన మిషను ఆగును. రెండవ వైపునకు వాలిన వెనుకకు నడచును. కనుక ఈ ఆయిలు ఎద్దునకు మేత వంటిది కాదు, ఎద్దు బలమును బండికందించు కాడి వంటిది. కాడి పుచ్చిన తరువాత ఎద్దు ఎంత బలమైనదైనను ఏమి లాభము?

ఇది నిన్నమొన్నటి విద్య కాదు. ఇంగ్లండులోని జాతీయ వ్యవసాయ ఇంజనీరింగు సంస్థ 1954లోనే ఇట్టి ట్రాక్టరును తయారుచేసి చూపినది. 1967లో అమెరికాలో ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కంపెనీ అట్టి ట్రాక్టరును అమ్మకమునకు పెట్టినది. నేడు ఆ దేశమున స్థిరపడిన మన పిల్లలు ఇంటిముందు పచ్చిక కోయుటకు ఎక్కి తిరుగు చిన్న బండ్లలో పెక్కింటికి ఈ ఏర్పాటే కలదు. అయితే ఆ బండి పొడి నేలమీద వారమునకొక గంట తిరుగును. మన మిషను బురదలో రోజునకు పది గంటలు తిరుగును.

మన ప్రాంతమున ఈ ఆయిలునకు మొదటి శత్రువు నీరు. కోత ముగిసినంతనే సర్వీసింగు గన్నుతో మిషనును కడుగుట అలవాటు. ఆ ధార బ్రీదరు మూతకును, ఆయిలు గేజి పుల్ల చుట్టును సూటిగా తగిలినచో నీరు లోనికి దిగును. గేరుపెట్టెకును హెచ్.ఎస్.టి.కిని ఒకే ఆయిలు గల మిషనులలో ఇరుసుల సీళ్లు అరిగినచో బురదనీరు అటనుండి ఎక్కును. సార్వా కోత మొదలు దాళ్వా కోత వరకు చెట్టుక్రింద ఊరకయున్న మిషనులో సైతము పగటి వేడికి, రాత్రి చలికి లోపలి గాలి తేమ చెమర్చి ఆయిలులో కలియును.

నీరు చేరినదీ లేనిదీ తెలిసికొనుట కష్టము కాదు. మంచి ఆయిలు నిర్మలముగా నుండును. మజ్జిగ వలె తెల్లబడినచో గాజు సీసాలో కొంత తీసి రాత్రంతయు కదపక ఉంచవలెను. తెల్లవారునప్పటికి తేటపడినచో అది గాలి నురుగు మాత్రమే. ఆయిలు మట్టము తగ్గుటవలననో, గొట్టము బిగువు సడలుటవలననో గాలి పీల్చుచున్నదని గ్రహింపవలెను. అప్పటికిని తెల్లగానే యున్నను, అడుగున నీటి పొర తేలినను నీరు చేరినట్లే. ఒక్క చుక్కను బాగుగా కాగిన రేకుమీద వేసి చూడవచ్చును, నీరున్నచో చిటపటలాడును. అట్టి ఆయిలును గంటల లెక్క చూడక వెంటనే మార్చవలెను. పంపు ఈల వేసినట్లు కూయుట, పొద్దుట బాగుగా నడచిన మిషను మధ్యాహ్నము వేడెక్కి గట్టు ఎక్కలేకపోవుట కూడ చెడు గుర్తులే. అయితే వేడెక్కుటకు ఆయిలు చల్లబరచు రేడియేటరులో ఊకయు, గడ్డి నలుసులును క్రిక్కిరియుటయే కారణము కావచ్చును. ముందు దానిని శుభ్రపరచి చూడవలెను.

సాధారణముగా క్రొత్త మిషనునకు మొదటి 50 మొదలు 100 గంటలలో ఫిల్టరునో, ఆయిలును ఫిల్టరును రెంటినో మార్చుమని కంపెనీ పుస్తకము చెప్పును. క్రొత్తలో రాలు లోహపు రజను అందులో చేరుటయే కారణము. తరువాత కొన్ని వందల గంటలకొకసారి మార్చుమనును. మనవారు ఏడాదికొకసారి చాలుననుకొందురు. రోజునకు పది గంటల చొప్పున నెల రోజులు కోసిన మిషను 300 గంటలు తిరిగినట్లు! క్యాలెండరును కాక గంటల మీటరును చూడవలెను.

ఆయిలు రకము విషయమున దుకాణదారు మాటకన్న పుస్తకము మాట వినవలెను. కొన్ని హెచ్.ఎస్.టి.లకు ట్రాక్టరు ట్రాన్స్‌మిషన్ ఆయిలు, కొన్నింటికి 20డబ్ల్యు-50 ఇంజను ఆయిలు చెప్పబడినవి. రంగు ఒకటైనంత మాత్రమున రెండు రకములను కలుపరాదు.

మార్చునపుడు మిషనును పది పదిహేను నిమిషములు నడిపి సమతలమున నిలుపవలెను. గోరువెచ్చని ఆయిలు మురికిని వెంటబెట్టుకొని దిగును. మరీ కాగినదైన చేతులు కాలును. కోత బల్లను దించి, ఇంజను ఆపి, తాళము తీసి జేబులో వేసికొనుడు. చైన్లకు కొయ్యదిమ్మెలు పెట్టవలెను. డ్రెయిను బోల్టు, ఫిల్టరు, పోయు మూత చుట్టునున్న మట్టిని బ్రష్షుతో రాల్చి, పీచు రాలని గుడ్డతో తుడువవలెను. ఈ పనిలో అన్నిటికన్న విలువైనది ఈ శుభ్రతయే. పంపులోని భాగముల నడుమ సందు వెంట్రుక మందమునకన్న తక్కువ. చిటికెడు ఒండ్రు పడినచో క్రొత్త ఆయిలుకన్న పాత ఆయిలే మేలు.

దిగిన ఆయిలును కొలిచి చూడుడు. బోల్టు చివర అయస్కాంతమున్నచో దానికి బూడిదరంగు మెత్తని ముద్ద పట్టియుండుట సహజము. తళతళలాడు ముక్కలు, ఇత్తడి రేకులు కనబడినచో ఆయిలు పోయక మెక్కానిక్కును పిలువవలెను. క్రొత్త ఫిల్టరు రబ్బరుకు ఆయిలు పూసి, ఆనువరకు చేతితో త్రిప్పి, ఆపైన ఫిల్టరుమీద వ్రాసినంత మాత్రమే బిగింపవలెను. బోల్టుకు క్రొత్త వాషరు వేయవలెను. జల్లెడ గల గరాటుతో గేజి గుర్తు వరకు పోయవలెను. ఎంత దించినను గొట్టములలోను, మోటారులోను పాత ఆయిలు కొంత మిగులును. కనుక నీరు చేరిన మిషనునకు కొద్ది గంటలు నడిపి రెండవసారి మార్చుట తప్పదు. ఖర్చుకు వెనుదీసి ఒక్కసారితో సరిపెట్టినచో మరల మజ్జిగయే కనబడును.

పోసినంతనే లీవరును పూర్తిగా త్రోయరాదు. లోన గాలి చిక్కియుండును. ఎదుటను, వెనుకను మనుషులు లేని విశాల స్థలమున ఇంజనును మెల్లగా తిరుగనిచ్చి, లీవరును కొద్దికొద్దిగా ముందుకు, వెనుకకు అయిదారుసార్లు కదల్పవలెను. ఇంజను ఆపి మట్టము చూచి, తగ్గినంత పోసి, కూత పోవువరకు మరల అట్లే చేయవలెను. కారుచున్నచోటును వ్రేలితో తడవరాదు. సూదిమొనవంటి ధార చర్మమును చీల్చి లోనికి దిగును; అట్లు జరిగినచో నొప్పి లేకున్నను వెంటనే ఆసుపత్రికి పోవలెను. అట్టముక్కను అడ్డుపెట్టి చూచుట క్షేమము. దిగబడిన మిషనును ట్రాక్టరుతో లాగునపుడు పుస్తకములో చెప్పినట్లు సహాయక గేరు లీవరును న్యూట్రలునకు తేవలెను. లేనిచో చైన్లు మోటారును వెనుకనుండి త్రిప్పి పాడుచేయును.

ఇక దించిన ఆయిలు. దీనిని బోదెలోనో, మురుగు కాలువలోనో ఒంపుట ఇక్కడ మిక్కిలి హాని. మన కాలువల నీరు బుడమేరు, తమ్మిలేరు నీటివలెనే కొల్లేటికి చేరి, ఉప్పుటేరు గుండా సముద్రమునకు పోవును. కొల్లేరు 1999లో పక్షుల అభయారణ్యముగా ప్రకటింపబడినది. 2002లో అంతర్జాతీయ రామ్‌సర్ పట్టికలో చేరినది. పక్షుల మాట అటుంచినను, నీటిమీద పరచుకొను ఆయిలు పొర గాలి సోకనీయక చేపకు ఊపిరి సలుపనీయదు. ఆ నీరే మీ పొరుగువాని చెరువునకు తోడబడును. 2016 నాటి కేంద్ర ప్రభుత్వ నియమములు వాడిన ఆయిలును ప్రమాదకర వ్యర్థముగా పేర్కొన్నవి. మూత గల డబ్బాలో నింపి, నీరు, డీజిలు కలుపక, అనుమతి గల కొనుగోలుదారునకు ఈయవలెను. చివరగా తేదీయు, మీటరు అంకెయు, పోసిన ఆయిలు పేరును రేకు చీటీమీద వ్రాసి సీటు వెనుక కట్టుడు. డ్రైవరు మారినను చీటీ మిషనుతోనే యుండును.