బందరులో దిగిన ఇంగ్లండ్ రాజు రాయబారి.. 11 నెలలు ఇక్కడే ఎందుకు ఆగిపోయాడు? దివిసీమ కోసం ఢిల్లీలో అర్జీ పెట్టింది ఎవరు?

మచిలీపట్నం: వలందపాలెం, పరాసుపేట, ఇంగ్లీషుపాలెం.. బందరువాళ్లకు ఇవి రోజూ నోట్లో నానే పేర్లు. వలందులంటే డచ్చివారు, పరాసులంటే ఫ్రెంచివారు. ఒకప్పుడు మూడు దేశాల వర్తకులు ఈ ఊళ్లో కొఠీలు పెట్టుకున్నారని ఆ పేర్లే చెబుతాయి. అయితే ఇక్కడికి వచ్చింది వర్తకులు మాత్రమే కాదు. సాక్షాత్తూ ఇంగ్లండ్ రాజు పంపిన రాయబారి కూడా బందరులో ఓడ దిగాడు. ఔరంగజేబును కలవాలని వచ్చి, 11 నెలలు ఇక్కడే చిక్కుకుపోయాడు. అసలేం జరిగిందో చూద్దాం.

ముందు వచ్చింది వర్తకులే

గోల్కొండ సుల్తానులకు సముద్రం వైపు తలుపు బందరు. 17వ శతాబ్దం మొదట్లోనే డచ్చివారు ఇక్కడ కొఠీ పెట్టారు. 1611లో 'గ్లోబ్' అనే ఓడలో ఇంగ్లీషువారు వచ్చారు. స్థానిక అధికారులతో పడక 1628లో వాళ్లు దుగరాజపట్నం వైపు వెళ్లిపోయారు. మళ్లీ 1632లో గోల్కొండ సుల్తాన్ అబ్దుల్లా కుతుబ్ షా ఇచ్చిన ఫర్మానాతో తిరిగొచ్చారు. ఏడాదికి 500 వరహాలు కట్టి సుంకాల గొడవ లేకుండా వ్యాపారం చేసుకోవచ్చన్నది ఒప్పందం. చరిత్రలో దీన్నే 'బంగారు ఫర్మానా' అంటారు.

అంటే ఆ రోజుల్లో కొఠీ పెద్దే వర్తకుడు, అవసరమైతే అతనే దూత. బట్టల లెక్కలు చూసుకునే మనిషే హవల్దారుకు నజరానాలు పంపేవాడు, దర్బారుకు అర్జీలు రాసేవాడు. 1687లో గోల్కొండ మొఘలుల చేతికి వెళ్లింది. దాంతో బందరు కూడా ఔరంగజేబు ఏలుబడిలోకి వచ్చింది. ఇక ఏ హక్కు కావాలన్నా అడగాల్సింది ఆయన్నే.

ఒకే దేశం.. రెండు కంపెనీలు

ఇక్కడే అసలు చిక్కు మొదలైంది. 1698లో ఇంగ్లండ్ ప్రభుత్వానికి 20 లక్షల పౌండ్ల అప్పు సమకూర్చినవాళ్లు, దానికి బదులుగా కొత్త ఈస్టిండియా కంపెనీ పెట్టుకునే హక్కు తెచ్చుకున్నారు. పాత కంపెనీ మాత్రం మూతపడలేదు. మద్రాసు దాని చేతిలోనే ఉంది. కొత్త కంపెనీ ఈ తీరంలో బందరును తన స్థావరంగా చేసుకుంది.

కొత్త కంపెనీ తరఫున బందరు కొఠీకి పెద్దగా వచ్చినవాడు జాన్ పిట్. అతనికి రాజు 'కాన్సల్' హోదా కూడా ఇచ్చాడు. మద్రాసులో పాత కంపెనీ గవర్నరు థామస్ పిట్. ఇద్దరూ బంధువులే. "ఇకపై రాజు ప్రతినిధిని నేనే, నన్ను గుర్తించండి" అన్నది బందరు పిట్ వాదన. "మా కంపెనీ నుంచి ఆదేశం వస్తేనే" అన్నది మద్రాసు పిట్ జవాబు. ఇంటి తగాదా కాస్తా సముద్రం దాటి వచ్చిందన్నమాట.

రాయబారి వచ్చాడు.. బండి కదల్లేదు

కొత్త కంపెనీకి మొఘల్ ఫర్మానా తేవడానికి రాజు మూడో విలియం ఒక పెద్దమనిషిని ఎంచుకున్నాడు. ఆయనే సర్ విలియం నోరిస్, లివర్‌పూల్ నుంచి పార్లమెంటు సభ్యుడు. జీతభత్యాలు, ఖర్చులు కంపెనీవి. హోదా మాత్రం రాజు రాయబారిది. 1615లో వచ్చిన సర్ థామస్ రో గురించి స్కూల్ పుస్తకాల్లో చదివే ఉంటారు. నోరిస్ పేరు మాత్రం చాలామంది వినలేదు.

1699 సెప్టెంబరులో నోరిస్ బందరులో దిగాడు. వెంట పెద్ద పరివారం, పాదుషాకు కానుకలు. ఔరంగజేబు అప్పుడు ఢిల్లీలో లేడు. దక్కనులో మరాఠాలతో యుద్ధం చేస్తూ గుడారాల్లోనే ఉంటున్నాడు. అంటే బందరు నుంచి నేలదారిన, యుద్ధం నడుస్తున్న ప్రాంతం గుండా వెళ్లాలి.

ఈ రోజు బందరు నుంచి గుడివాడకు బస్సులో గంట ప్రయాణం. ఆ రోజుల్లో ఫిరంగులు, పెట్టెలు, గుడారాలు, వందల మందితో దేశం మధ్యకు వెళ్లాలంటే ఎడ్లు కావాలి, బండ్లు కావాలి, కాపలా కావాలి, మొఘల్ అధికారుల అనుమతి కావాలి. ఇవేవీ సమయానికి కుదరలేదు. సాయం చేయాల్సిన కాన్సల్ పిట్‌తోనే నోరిస్‌కు చెడింది. కావాలనే ఆలస్యం చేస్తున్నాడని నోరిస్ ఆరోపణ.

భాష మరో సమస్య. దర్బారు నడిచేది ఫార్సీలో. మొఘల్ కొలువు తీరు తెలిసిన ఇటలీ వాసి మనూచీ అప్పుడు మద్రాసులో ఉన్నాడు. దుబాసీగా రమ్మని నోరిస్ కబురు పెట్టాడు. మనూచీ రాలేదు.

చివరికి 1700 ఆగస్టులో నోరిస్ బందరు వదిలి, మళ్లీ ఓడెక్కి, భారతదేశాన్ని చుట్టి డిసెంబరులో సూరత్ చేరాడు. 11 నెలల కాలం, లెక్కలేనంత డబ్బు బందరులోనే కరిగిపోయాయి.

ఔరంగజేబు అడిగింది ఒక్కటే

1701 ఏప్రిల్‌లో పన్హాలా కోట దగ్గరి విడిదిలో నోరిస్‌కు దర్శనం దొరికింది. ఊరేగింపు ఘనంగా సాగింది. కానుకగా 12 ఇత్తడి ఫిరంగులు బండ్ల మీద ముందు నడిచాయి. కానీ పాదుషా వైపు నుంచి వచ్చిన షరతు వేరే: సముద్రం మీద దొంగల నుంచి మా ఓడలను కాపాడతామని రాసిస్తారా?

ఈ షరతు ఊరికే రాలేదు. 1695లో హెన్రీ ఎవరీ అనే ఇంగ్లీషు దొంగ మక్కా నుంచి సూరత్‌కు తిరిగొస్తున్న మొఘల్ ఓడ గంజ్-ఇ-సవాయిని కొల్లగొట్టాడు. ఆ గాయం ఇంకా పచ్చిగానే ఉంది. హిందూ మహాసముద్రం మొత్తానికి పూచీ పడే నౌకాబలం నోరిస్ వెనక లేదు. రాసివ్వనన్నాడు. పైగా అసలైన ఇంగ్లీషు కంపెనీ ఏదన్న ప్రశ్న కూడా దర్బారులో లేచింది. ఆ ఏడాది నవంబరులో నోరిస్ ఉత్తచేతులతో వెనుదిరిగాడు. 1702 అక్టోబరులో ఇంగ్లండ్‌కు వెళ్తూ, ఆఫ్రికాకు పడమరగా అట్లాంటిక్‌లో ఉన్న సెయింట్ హెలినా దీవి చేరకముందే ఓడలోనే కన్నుమూశాడు.

విచిత్రం ఏంటంటే, ఆ ఏడాదే రెండు కంపెనీలూ కలిసిపోవడానికి ఒప్పందం కుదిరింది. ఆయన ఎవరి తరఫున పోట్లాడాడో ఆ తగువే లేకుండా పోయింది.

దివిసీమ పేరు ఢిల్లీకి

రెండోసారి కంపెనీ తీరు మార్చింది. కలకత్తా నుంచి బయల్దేరిన జాన్ సుర్మాన్ బృందం 1715లో ఢిల్లీ చేరింది. సుర్మాన్ రాజు రాయబారి కాదు, కంపెనీ ఉద్యోగి. వెంట దర్బారు మర్యాదలు తెలిసిన ఆర్మేనియా వర్తకుడు ఖ్వాజా సర్హద్, వైద్యుడు విలియం హామిల్టన్ ఉన్నారు. పాదుషా ఫరూక్‌సియర్ జబ్బును హామిల్టన్ నయం చేశాడు. చాలా ఓపిక పట్టాక 1717లో ఫర్మానా చేతికొచ్చింది.

ఆ బృందం ఇచ్చిన అర్జీలో మనకు తెలిసిన పేరు ఒకటుంది. బందరు దగ్గరి దివి దీవిని ఏటా కౌలు కట్టే షరతుపై తమకు ఇవ్వాలని కంపెనీ కోరింది. అదే మన దివిసీమ. కృష్ణ పాయల మధ్య, సముద్రాన్ని ఆనుకుని ఉన్న ఈ నేల మీద విదేశీ కంపెనీల కన్ను అప్పటికే పడిందన్నమాట.

రాయబారం పోయి ఫిరంగి వచ్చింది

1750లో ఫ్రెంచివారు బందరును పట్టుకున్నారు. 1759 ఏప్రిల్‌లో కర్నల్ ఫోర్డ్ సేన రాత్రివేళ బందరు కోటపై దాడి చేసి గెలిచింది. తర్వాతి నెలలోనే నిజాం సలాబత్ జంగ్ బందరు, నిజాంపట్నం ప్రాంతాలను ఇంగ్లీషువారికి రాసిచ్చాడు. 60 ఏళ్ల కిందట ఎడ్లబండ్ల కోసం ఎదురుచూసిన ఊళ్లోనే, ఇప్పుడు ఆ కంపెనీ షరతులు పెట్టే స్థితికి వచ్చింది.

నోరిస్ కథలో తేలేది ఇదే. హోదా ఎంత పెద్దదైనా, రాయబారి మాటకు విలువ అతని వెనక ఉన్నవాళ్లను బట్టే ఉంటుంది. ఇంట్లో ఐక్యత, మాట చేరవేసే దుబాసీ, ఇచ్చిన హామీ నిలబెట్టుకునే బలం.. ఈ మూడూ నోరిస్‌కు లేవు. సుర్మాన్‌కు మొదటి రెండూ దొరికాయి. ఫోర్డ్ నాటికి మూడోది కూడా వచ్చేసింది. ఆ తర్వాత దర్బారుల్లో అర్జీలు పెట్టుకునే అవసరమే తగ్గిపోయింది.

ఇప్పుడు మంగినపూడి వైపు కొత్త పోర్టు మాట వినిపిస్తున్న వేళ, పాత రేవు చరిత్రలో ఈ అధ్యాయం కూడా గుర్తుంచుకోవాల్సిందే.