పట్టాలు, చక్రములు అరుగుట

ఉక్కు గట్టి లోహము. ఐనను రైలు చక్రములును, వానిని మోయు పట్టాలును దినదినము అరుగుచునే యుండును. దీనికి కారణమేమి?

చక్రము పట్టాను తాకు తావు చిటికెనవ్రేలి గోరంతయే. నిండు గూడ్సుబండిలో అంతటి తావుపై 10 టన్నులకు పైగా భారము పడును. ఐనను చక్రము చక్కగా దొర్లునంతవరకు అరుగుదల స్వల్పమే. జారినపుడే అది హెచ్చును.

ఒక జత చక్రములు ఒకే ఇరుసునకు బిగింపబడి కలిసి తిరుగును. మలుపులో వెలుపలి పట్టా లోపలిదానికంటె పొడవు. కావున చక్రమును లోపలివైపు పెద్దదిగను, వెలుపలివైపు చిన్నదిగను వాలుగా చేయుదురు. మలుపులో ఇరుసు వెలుపలికి జరుగగా, వెలుపలి చక్రము తన పెద్ద చుట్టుకొలతపై దొర్లి ఎక్కువ దూరము పోవును. మలుపు మరీ వంపైనచో ఈ వాలు చాలదు. అప్పుడు చక్రము జారును. పట్టా తప్పకుండ కాపాడు దాని గట్టు వెలుపలి పట్టా ప్రక్కను ఒరయును. అందులకే అచ్చట కందెన పూయుదురు. బ్రేకు బిగిసి చక్రము తిరుగక జారినచో, ఒకచోట చదునై, పిమ్మట ప్రతి చుట్టునకు పట్టాను సుత్తివలె మోదును.

అరుగుదల కంటికి కనబడును. లోపలి బీటలు కనబడవు. ఇంగ్లండులోని హాట్‌ఫీల్డు మలుపులో బీటలు పెరిగిన పట్టా 2000 అక్టోబరు 17న రైలు పోవుచుండగా 300కు పైగా ముక్కలయ్యెను. నలుగురు మరణించిరి. పట్టా చెడినదని ముందే తెలిసియు, మార్చుటలో జాగు జరిగెను.

నేడు చెవికి వినరాని శబ్దతరంగములతో లోపలి బీటలను కనుగొనుచున్నారు. కాని కనుగొన్నంతమాత్రమున ప్రమాదము తొలగదు. చెడిన పట్టాను వెంటనే మార్చవలెను.