పరీక్ష తెలుగులో.. విచారణ ఏ భాషలో? కేంద్ర బలగాల్లో క్రమశిక్షణ కేసుల తీర్పరులపై ఒక పరిశీలన

భిలాయి: ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయి ఉక్కు కర్మాగారానికి కాపలా కాసేది కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం. సంక్షిప్తంగా సీఐఎస్‌ఎఫ్‌ అని పిలిచే ఈ దళానికి చెందిన శిక్షణ కేంద్రాల్లో ఒకటి కూడా భిలాయి సమీపంలోని ఉతయిలో ఉంది. దేశం నలుమూలల నుంచి ఎంపికైన యువతీయువకులు ఈ దళంలో పనిచేస్తున్నారు. వారిలో తెలుగువారూ ఉన్నారు.

ఈ ఉద్యోగానికి ఇప్పుడు తెలుగులోనే పరీక్ష రాయవచ్చు. కేంద్ర సాయుధ పోలీసు బలగాల కానిస్టేబుల్‌ పరీక్షను హిందీ, ఇంగ్లిషుతో పాటు 13 ప్రాంతీయ భాషల్లో నిర్వహించాలని కేంద్ర హోం శాఖ 2023 ఏప్రిల్‌లో నిర్ణయించింది. ఆ మేరకు తొలి పరీక్ష 2024 ఫిబ్రవరి 10 నుంచి మార్చి 7 వరకు 128 నగరాల్లో, సుమారు 48 లక్షల మంది అభ్యర్థుల కోసం జరిగింది. ఆ 13 భాషల్లో తెలుగు ఒకటి.

తెలుగులో పరీక్ష రాసి చేరిన కానిస్టేబుల్‌పై రేపు ఏదైనా అభియోగం వస్తే పరిస్థితి ఏమిటి? అభియోగ పత్రం ఏ భాషలో అందుతుంది? సాక్షుల వాంగ్మూలం ఏ భాషలో నమోదవుతుంది? తీర్పు చెప్పే అధికారికి న్యాయశాస్త్రం తెలిసి ఉండాలా? నిందితుడి మాట నేరుగా అర్థం కావాలా? ఉద్యోగం, పింఛను, పరువు ముడిపడి ఉన్న ప్రశ్నలివి.

భిలాయికి దళం వెనుక కథ

భిలాయి కర్మాగారం సోవియట్‌ యూనియన్‌ సహకారంతో ఏర్పడింది. ఒప్పందం 1955 ఫిబ్రవరి 2న కుదరగా, తొలి బ్లాస్ట్‌ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్‌ ప్రారంభించారు. ఉపాధి కోసం వివిధ రాష్ట్రాల నుంచి తరలివచ్చిన కుటుంబాలతో ఈ పట్టణం పెరిగింది. తెలుగు కుటుంబాలూ అలా వచ్చి స్థిరపడ్డాయి. అందువల్ల ఇక్కడ ఒకే వీధిలో హిందీ, ఛత్తీస్‌గఢీ, తెలుగు, ఒడియా, బెంగాలీ వినిపించడం వింత కాదు.

ఇటువంటి భారీ ప్రభుత్వ పరిశ్రమల రక్షణ కోసమే పార్లమెంటు 1968లో సీఐఎస్‌ఎఫ్‌ చట్టాన్ని చేసింది. దళం 1969 మార్చి 10న ఏర్పడింది. 1983లో దీనికి కేంద్ర సాయుధ బలగం హోదా లభించింది. విశాఖపట్నం ఉక్కు కర్మాగారానికి కూడా ఇదే దళం భద్రత కల్పిస్తోంది. విశాఖలో పనిచేసిన జవాను భిలాయికి, భిలాయిలో ఉన్నవారు మరో రాష్ట్రానికి బదిలీ కావడం సర్వసాధారణం. ఎక్కడ ఉన్నా క్రమశిక్షణ నియమాలు ఒక్కటే. మారేది చుట్టూ ఉన్న భాష.

విచారణ ఎలా సాగుతుంది?

సీఐఎస్‌ఎఫ్‌ చట్టంలోని 8వ సెక్షన్‌ దళ సభ్యులను శిక్షించే అధికారాన్ని పర్యవేక్షక అధికారులకు ఇచ్చింది. రాజ్యాంగంలోని 311వ అధికరణకు, కేంద్రం చేసే నిబంధనలకు లోబడి ఈ అధికారాన్ని వినియోగించాలని అదే సెక్షన్‌ చెబుతోంది. ప్రస్తుతం అమలులో ఉన్నవి 2001 నాటి నిబంధనలు.

శిక్షలు రెండు రకాలు. అభిశంసన, ఇంక్రిమెంటు నిలిపివేత, ఏడు రోజుల వేతనానికి మించని జరిమానా వంటివి స్వల్ప శిక్షలు. బర్తరఫ్‌, ఉద్యోగం నుంచి తొలగింపు, నిర్బంధ పదవీ విరమణ, హోదా తగ్గింపు వంటివి కఠిన శిక్షలు. బర్తరఫ్‌ అయినవారు సాధారణంగా మళ్లీ ప్రభుత్వ ఉద్యోగానికి అర్హత కోల్పోతారు.

కఠిన శిక్ష విధించే ముందు పూర్తి స్థాయి శాఖాపరమైన విచారణ జరగాలి. అభియోగాలు, వాటికి ఆధారమైన వివరాలు, పత్రాల జాబితా, సాక్షుల జాబితాతో కూడిన పత్రాన్ని ముందుగా ఉద్యోగికి అందిస్తారు. ఆయన లిఖితపూర్వక సంజాయిషీ ఇవ్వాలి. అభియోగాలను అంగీకరించకపోతే విచారణాధికారి సాక్షులను విచారిస్తారు. వారిని ఎదురు ప్రశ్నించే హక్కు ఉద్యోగికి ఉంటుంది. సహాయంగా దళంలోనే మరో సభ్యుణ్ని ఎంచుకోవచ్చు. న్యాయవాది సాయం మాత్రం సాధారణంగా లభించదు.

ఇక్కడ గమనించదగిన అంశం ఒకటుంది. విచారణాధికారి కూడా దళానికి చెందిన అధికారే. ఆయనకు న్యాయ పట్టా ఉండాలన్న షరతు గానీ, నిందితుడి భాష తెలిసి ఉండాలన్న షరతు గానీ నిబంధనల్లో లేదు. అయినప్పటికీ విచారణాధికారి శాఖకు ప్రతినిధి కాదని, స్వతంత్ర న్యాయ నిర్ణేత స్థానంలో ఉంటారని సుప్రీంకోర్టు 2010లో ఉత్తరప్రదేశ్‌కు చెందిన ఒక కేసులో స్పష్టం చేసింది. కేంద్ర రిజర్వు పోలీసు దళానికి సంబంధించిన కేసులో 2018లో ఇచ్చిన తీర్పులోనూ, విచారణాధికారే ప్రాసిక్యూటర్‌ పాత్ర పోషించరాదని పేర్కొంది. అంటే ఆ కుర్చీలో కూర్చున్న అధికారి నుంచి చట్టం కోరుతున్నది న్యాయమూర్తి దృష్టిని. ఆ దృష్టికి అవసరమైన న్యాయ విద్యను, భాషా జ్ఞానాన్ని మాత్రం అర్హతగా నిర్దేశించలేదు.

ఒక్క మాట తేడాతో

భాష ఎందుకు ముఖ్యమో ఒక ఊహాత్మక ఉదాహరణ చూద్దాం. శ్రీకాకుళం జిల్లాకు చెందిన కానిస్టేబుల్‌ రాత్రి విధుల్లో నిద్రించారన్నది అభియోగం. తెలుగులో అయితే ఆయన "కునుకు పట్టింది" అంటారు. ప్రయత్నం లేకుండా, క్షణకాలం రెప్ప వాలిందన్నది అందులోని భావం. అంతంతమాత్రపు హిందీలో అదే విషయం చెప్పబోయి "సో గయా" అంటే, నిద్రపోయినట్లు నేరం అంగీకరించిన వాక్యంగా అది రికార్డులోకి ఎక్కుతుంది. అలసటతో కలిగిన చిన్న లోపం, నిర్లక్ష్యంతో చేసిన తప్పు కాగితంపై ఒకటే అవుతాయి.

ఇబ్బంది తెలుగువారికి మాత్రమే పరిమితం కాదు. కర్మాగారం ద్వారం వద్ద జరిగిన ఘటనకు సాక్షిగా వచ్చిన కార్మికుడు ఛత్తీస్‌గఢీలో మాట్లాడితే, దాన్ని హిందీలో నమోదు చేస్తే, ఆ వాంగ్మూలంపై తెలుగు కానిస్టేబుల్‌ ఎదురు ప్రశ్నలు వేయాలి. మాట మూడు భాషలు దాటుతుంది. దాటిన ప్రతిసారీ కొంత అర్థం జారిపోయే ప్రమాదం ఉంది.

పైగా శాఖాపరమైన విచారణలో నేరాన్ని సందేహాతీతంగా రుజువు చేయనవసరం లేదు. సంభావ్యత ఎటువైపు మొగ్గితే అటు నిర్ణయిస్తారు. అందువల్ల ఒక్క వాక్యం కూడా త్రాసును వాల్చగలదు.

చట్టం ఇస్తున్న హక్కులు

1976 నాటి అధికార భాషా నియమాల్లోని 7వ నియమం ఈ విషయంలో కీలకమైనది. కేంద్ర ఉద్యోగి తన దరఖాస్తును, అప్పీలును హిందీలో గానీ ఇంగ్లిషులో గానీ సమర్పించవచ్చు. క్రమశిక్షణ చర్యలు సహా సర్వీసు విషయాలకు సంబంధించిన ఉత్తర్వు లేదా నోటీసు ఈ రెండింటిలో తాను కోరిన భాషలో కావాలని అడిగితే, అనవసర జాప్యం లేకుండా ఇవ్వాలి. అంటే హిందీ అభియోగ పత్రం అర్థం కాని ఉద్యోగి ఇంగ్లిషు ప్రతిని హక్కుగా కోరవచ్చు. తెలుగు ప్రతిని మాత్రం ఈ నియమం కింద కోరలేరు.

రాజ్యాంగంలోని 350వ అధికరణ ఇంకొక మార్గం చూపుతోంది. ఏ వ్యక్తి అయినా తన కష్టాన్ని నివారించమని కోరుతూ కేంద్ర, రాష్ట్ర అధికారులకు, కేంద్రంలో లేదా రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా విన్నపం సమర్పించుకోవచ్చు. అయితే దానికి జవాబు కూడా అదే భాషలో ఇవ్వాలని ఆ అధికరణ చెప్పలేదు.

నేర విచారణతో పోలిస్తే తేడా కనిపిస్తుంది. నిందితుడికి అర్థం కాని భాషలో సాక్ష్యం ఇస్తే, దాన్ని అతనికి తెలిసిన భాషలోకి బహిరంగ న్యాయస్థానంలో అనువదించి చెప్పాలని 1973 నాటి నేర విచారణ స్మృతి నిర్దేశించింది. 2024 జులై 1న అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలోనూ ఆ రక్షణ కొనసాగుతోంది. ముందస్తు నిర్బంధం కేసులో సుప్రీంకోర్టు 1962లోనే, నిర్బంధానికి కారణాలను వ్యక్తికి అర్థమయ్యే భాషలో తెలియజేయకపోతే తెలియజేసినట్లు కాదని తేల్చింది. స్వేచ్ఛ విషయంలో అంగీకరించిన ఈ సూత్రం జీవనోపాధి విషయంలో సర్వీసు నిబంధనల్లోకి ఇంకా స్పష్టంగా చేరలేదు.

కెనడా ఏం చేస్తోంది?

రెండు అధికార భాషలున్న కెనడాలో జాతీయ పోలీసు వ్యవస్థ రాయల్‌ కెనడియన్‌ మౌంటెడ్‌ పోలీస్‌ వేరే పద్ధతి అనుసరిస్తోంది. 2014 నవంబర్‌ 28న అమలులోకి వచ్చిన సంస్కరణల ప్రకారం చిన్న తప్పులను పై అధికారే పరిష్కరిస్తారు. ఉద్యోగం నుంచి తొలగించాలని కోరే కేసులు మాత్రం ప్రత్యేక ప్రవర్తనా మండలి ముందుకు వెళతాయి. ఈ బాధ్యత కోసం న్యాయ విద్య ఉన్న, ఇంగ్లిషు, ఫ్రెంచి రెండూ తెలిసిన న్యాయ నిర్ణేతలను నియమించుకునే విధానం అక్కడ ఉంది.

దీని వెనుక ఒక చట్ట సూత్రం ఉంది. కక్షిదారు ఎంచుకున్న అధికార భాషను, దుబాసీ సాయం లేకుండా నేరుగా అర్థం చేసుకోగల వ్యక్తే కేసు వినాలని కెనడా 1988 నాటి అధికార భాషల చట్టం ఫెడరల్‌ న్యాయస్థానాలకు, తీర్పు చెప్పే సంస్థలకు నిర్దేశిస్తోంది. దుబాసీ మాటను చేరవేస్తారు. ద్విభాషా తీర్పరి మాటతో పాటు తడబాటును, స్వరాన్ని, సందర్భాన్ని కూడా స్వయంగా గ్రహిస్తారు.

మన దేశంలో న్యాయ విద్య ఉన్న అధికారి బలగాల్లో ఉండటం కొత్త ఆలోచనేమీ కాదు. సరిహద్దు భద్రతా దళానికి చెందిన జనరల్‌ సెక్యూరిటీ ఫోర్స్‌ కోర్టుల్లో న్యాయాధికారి హాజరు తప్పనిసరి అని 1968 నాటి ఆ దళ చట్టమే చెబుతోంది. శాఖాపరమైన విచారణల్లో అటువంటి ఏర్పాటు లేదు.

ఇక్కడ సాధ్యమేనా?

కెనడాలో భాషలు రెండు. మన రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో 22 భాషలున్నాయి. ప్రతి యూనిట్‌లో ప్రతి భాషకూ ఒక తీర్పరిని నియమించడం ఆచరణలో కుదరదు. క్రమశిక్షణ అధికారం కమాండర్‌ చేతిలో ఉండకపోతే దళం పట్టు సడలుతుందన్న వాదనలోనూ బలం ఉంది.

అయితే కెనడా పద్ధతిలోని విభజన ఇక్కడ ఉపయోగపడవచ్చు. స్వల్ప శిక్షలను యథాతథంగా కమాండర్లకు వదిలి, ఉద్యోగం పోయే కేసులకు మాత్రమే న్యాయ పట్టా ఉన్న, హిందీతో పాటు మరో ప్రాంతీయ భాష తెలిసిన అధికారుల జాబితాను దళం స్థాయిలో సిద్ధం చేసుకోవచ్చు. వీడియో అనుసంధానం ఉన్న ఈ రోజుల్లో విశాఖలోని అధికారి భిలాయి కేసు వినడం అసాధ్యం కాదు. అది కుదిరేలోగా అభియోగ పత్రానికి మాతృభాషా అనువాదం, విచారణలో దుబాసీ సాయం కల్పించడం కనీస చర్యలు. పరీక్ష పత్రాన్ని 15 భాషల్లో తయారు చేయగలిగిన వ్యవస్థకు కొన్ని పేజీల అభియోగ పత్రం మోయలేని భారం కాబోదు.

ఉద్యోగి ఏం చేయాలి?

అప్పటి వరకు ఉద్యోగి అప్రమత్తతే రక్షణ. అభియోగ పత్రం అర్థం కాకపోతే 7వ నియమాన్ని ప్రస్తావిస్తూ మరో భాషలో ప్రతి కావాలని వెంటనే లిఖితపూర్వకంగా కోరాలి. దుబాసీ అవసరమైతే తొలి విచారణ రోజునే అడిగి, ఆ కోరిక రికార్డులో చేరేలా చూసుకోవాలి. సహాయకుడిగా తన భాష, విచారణ భాష రెండూ తెలిసిన సహోద్యోగిని ఎంచుకోవడం మేలు. చదివి అర్థం చేసుకోకుండా వాంగ్మూలంపై సంతకం చేయరాదు.

విచారణ నివేదిక ప్రతిని పొంది దానిపై అభిప్రాయం చెప్పుకునే హక్కును సుప్రీంకోర్టు 1993లో హైదరాబాద్‌లోని ఈసీఐఎల్‌ సంస్థకు సంబంధించిన కేసులో ఖాయం చేసింది. నివేదిక ఇవ్వకపోవడం వల్ల ఉద్యోగికి వాస్తవంగా నష్టం జరిగిందా అని కోర్టులు పరిశీలించాలని కూడా అదే తీర్పు చెప్పింది. అందుకే భాషపై అభ్యంతరాన్ని మొదట్లోనే చెప్పాలి. విచారణ అంతా మౌనంగా ఉండి చివర్లో భాష రాదంటే నష్టాన్ని నిరూపించడం కష్టమవుతుంది.

శిక్ష ఉత్తర్వు అందిన 30 రోజుల్లోగా అప్పీలు చేసుకోవాలి. సాయుధ బలగం కావడంతో సీఐఎస్‌ఎఫ్‌ సభ్యులకు కేంద్ర పరిపాలనా ట్రిబ్యునల్‌ను ఆశ్రయించే వీలు లేదు. భిలాయిలో పనిచేసేవారు బిలాస్‌పూర్‌లోని ఛత్తీస్‌గఢ్‌ హైకోర్టుకు వెళ్లవచ్చు. అక్కడ సాక్ష్యాలను మళ్లీ మొదటి నుంచి తూచరు. విచారణ సక్రమంగా జరిగిందా లేదా అన్నదే ప్రధానంగా చూస్తారు. కాబట్టి ఉద్యోగి మాట సరిగ్గా నమోదు కావలసింది తొలి విచారణ గదిలోనే.